గీత దాటితే హక్కు పోతదా?

(వలస కూలీల హక్కుల మీద పాన్‌గల్‌లో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



సరిహద్దుల గురించి మాట్లాడుకోవడానికి పాన్‌గల్ కంటే మంచి చోటు దొరకదు. మీ గుట్ట మీది కోట ఒకనాటి సరిహద్దు కోట. పదిహేనో శతాబ్దం మొదట్లో బహమనీ సుల్తాన్ ఫిరోజ్ షా ఈ కోటను ముట్టడించి, చాలాకాలం ఇక్కడే దండు దించి, 1420 ప్రాంతంలో విజయనగరం చేతిలో ఓడిపోయి వెనుదిరిగిపోయాడు. ఆ తర్వాత కుతుబ్‌షాహీలు వచ్చారు. రాజులు మారినప్పుడల్లా సరిహద్దు ఒకసారి కృష్ణకు ఇవతల, ఒకసారి అవతల పడింది. పొలం దున్నేవాడు మాత్రం దున్నిన చోటనే ఉన్నాడు.

రాజులు పోయాక కూడా ఇదే నడిచింది. 1956 నవంబర్ 1న హైదరాబాద్ రాష్ట్రాన్ని మూడు ముక్కలు చేసినప్పుడు, అంతవరకు రాయచూరు జిల్లాలో ఉన్న గద్వాల, అలంపూర్ తాలూకాలు మహబూబ్‌నగర్‌లో కలిశాయి. 2014 జూన్ 2న మనం కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రం ఏర్పడగానే కృష్ణ మళ్లీ రెండు రాష్ట్రాల నడుమ గీత అయింది. 2016 అక్టోబర్ 11న మీ పాన్‌గల్ వనపర్తి జిల్లాలోకి వచ్చింది. ఈ గీతల్లో ఒకటి మనం కోరి గీయించుకున్నది. మిగతావి ఎవరో గీసినవి. అయితే గీత ఎవరు గీసినా దాన్ని దాటేది మాత్రం కూలోడే.

మేం పత్రికల్లో రాసేవాళ్లం. సకల జనుల సమ్మెలో, వంటావార్పులో మీతో పాటు రోడ్ల మీద కూర్చున్నవాళ్లం. ఇవాళ మీ ముందు ఒకే ఒక ప్రశ్న పెట్టడానికి వచ్చాం. బతుకుదెరువు కోసమో, ప్రాణభయంతోనో మనిషి గీత దాటితే అతని హక్కు అక్కడనే ఆగిపోతదా? ఈ ప్రశ్నను రెండు వైపుల నుంచి చూడాలి. మన దగ్గర నుంచి పోయేవాళ్ల వైపు నుంచి ఒకసారి, మన దగ్గరికి వచ్చేవాళ్ల వైపు నుంచి ఇంకొకసారి. రెండు వైపులా ఒకే తూకం పెట్టాలని చెప్పడానికే మేం వచ్చాం.

ఒకే రాష్ట్రమన్న పేరుతో అందని చట్టం

‘పాలమూరు లేబర్’ అన్న మాట మనకు కొత్త కాదు. దేశంలో డ్యాములు కట్టింది, కాలువలు తవ్వింది, సొరంగాలు తొలిచింది మన వాళ్లు. బొంబాయిలో కామాటిపుర అన్న పేటకు ఆ పేరు వచ్చింది ఈ నేల నుంచి పోయిన కామాటీల వల్లనే. గుంపు మేస్త్రీ ఊళ్లోకి వచ్చి అడ్వాన్సు చేతిలో పెడతాడు. దసరా పండుగ దాటగానే ఊరు ఖాళీ అవుతుంది. ముసలివాళ్లు, పసిపిల్లలు, తాళం కప్పలు మిగులుతాయి.

ఇట్లా పోయేవాళ్ల కోసం 1979లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. దాని పేరు అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం. అది 1980 అక్టోబర్ 2 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ చట్టానికి కారణం ఒడిశాలో ‘దాదన్’ కూలీలు పడ్డ గోస. అయిదుగురు, అంతకంటే ఎక్కువ మంది వలస కార్మికులను పనిలో పెట్టుకున్న ప్రతి చోటా అది వర్తించింది. కాంట్రాక్టరుకు కూలీలు బయలుదేరే రాష్ట్రంలోనూ, పనిచేసే రాష్ట్రంలోనూ లైసెన్సు ఉండాలి. ప్రతి కార్మికునికి ఫొటో అతికించిన పాస్‌బుక్కు ఇవ్వాలి. ఊరు విడిచినందుకు నెల జీతంలో సగమో, 75 రూపాయలో, ఏది ఎక్కువైతే అది భత్యంగా చెల్లించాలి. రానుపోను ఖర్చు, ప్రయాణం చేసిన రోజుల కూలీ, ఉండటానికి వసతి, ఉచితంగా వైద్యం ఇవ్వాలి. ప్రమాదం జరిగితే రెండు రాష్ట్రాల అధికారులకూ, ఇంటివాళ్లకూ తెలియజేయాలి. కాంట్రాక్టరు ఎగ్గొడితే అసలు యజమానే కట్టాలి.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఆ పాస్‌బుక్కును కండ్లతో చూసినవాళ్లు ఎంతమంది? పుణెకు, బొంబాయికి, గుజరాత్‌కు పోయివచ్చినవాళ్లు ఈ గుంపులో ఉన్నారు. ఒకసారి చేతులెత్తి చూడండి.

దీంట్లో ఇంకో మెలిక ఉంది. చట్టం పేరే అంతర్రాష్ట్రం. అంటే ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పోతేనే అది వర్తించింది. సమైక్య రాష్ట్రంలో పాన్‌గల్ కూలీ కృష్ణ దాటి కర్నూలు పోయినా, గుంటూరు పోయినా, అంతకంటే దూరం పోయినా అది రాష్ట్రం లోపలి ప్రయాణమే. మాట వేరు, తిండి వేరు, ఇంటికి తిరిగి రావాలంటే రెండు రోజులు పడుతుంది. అయినా చట్టం దృష్టిలో అతను వలస కార్మికుడు కాడు. అతనికి పాస్‌బుక్కు లేదు, ఊరు విడిచిన భత్యం లేదు. మిగిలింది 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం, అది కూడా 20 మంది ఉంటేనే. నాలుగు వందల కిలోమీటర్లు పోయినా ‘మన రాష్ట్రమే కదా’ అన్నారు. సమైక్యత అన్న మాట కూలోని దగ్గర ఇట్లా పనిచేసింది.

2014 జూన్ 2న అదే కూలీ అదే నది దాటి అదే పనికి పోతే ఒక్క పూటలో అంతర్రాష్ట్ర వలస కార్మికుడయ్యాడు. కాగితం మీద అతనికి కొత్త హక్కులు వచ్చాయి. మరి రాష్ట్రం వచ్చిన సంబురంలో కృష్ణ దాటే కూలీలకు ఆ సంగతి చెప్పింది ఎవరు? అవతలి రాష్ట్రంతో నీళ్ల వాటా మీద మాట్లాడారు, ఉద్యోగుల పంపకం మీద మాట్లాడారు, ఆస్తుల పంపకం మీద మాట్లాడారు. కూలీల పాస్‌బుక్కుల మీద మాట్లాడినవాళ్లు లేరు. నీళ్లు, నిధులు, నియామకాలు అని మనం మూడు మాటలు పట్టుకున్నాం. నీళ్లొస్తే వలస ఆగుతుందన్నాం. నీళ్లు కొంత వచ్చాయి, వలస ఆగిపోలేదు. పోక తప్పనివానికి పోయిన చోట హక్కు ఉండాలన్న నాలుగో మాట మన నినాదంలో చేరలేదు.

అడ్వాన్సు బాకీ కాదు

చట్టం ఉన్నా అమలు కాకపోవడానికి కారణాలు మీకు తెలిసినవే. గుంపు మేస్త్రీ మన ఊరివాడే, మన చుట్టమే. లైసెన్సు ఉన్న పెద్ద కాంట్రాక్టరు ఎక్కడో పట్నంలో ఉంటాడు. అడిగితే ‘వీళ్లను మేం తేలేదు, వాళ్లంతట వాళ్లే వచ్చారు’ అంటాడు. బయలుదేరే చోట కార్మిక అధికారికి వీళ్లు పోయినట్టు తెలియదు. చేరిన చోట అధికారికి వీళ్లు వచ్చినట్టు తెలియదు. రెండు రికార్డుల నడుమ మనిషి మాయమవుతాడు.

కోర్టులు చెప్పవలసిన మాట చెప్పాయి. ఢిల్లీ ఆసియా క్రీడల పనులకు పోయిన కూలీల కేసులో 1982లో సుప్రీంకోర్టు ఒక గొప్ప మాట అన్నది. కనీస వేతనం కంటే తక్కువ ఇచ్చి పనిచేయించుకుంటే అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టి అవుతుందన్నది. కడుపు కాలి ఒప్పుకున్నాడు కాబట్టి ఇష్టంతో చేసినట్టు కాదని చెప్పింది. ఆ మరుసటి ఏడు, 1983లో, జమ్ము కొండల్లో సలాల్ జలవిద్యుత్ ప్రాజెక్టు కూలీల కేసు తేలింది. ఒడిశా నుంచి సరిహద్దు రాష్ట్రానికి పోయిన కూలీల కష్టం గురించి ఒక పత్రికలో వచ్చిన కథనాన్ని జతచేసి హక్కుల సంఘం రాసిన ఉత్తరాన్నే సుప్రీంకోర్టు రిట్‌గా తీసుకుంది. కార్మిక చట్టాలు అమలు చేయాలని ఆదేశించింది. పత్రికలో రాయడం వల్ల ఏమొస్తుందని అడిగేవాళ్లకు మేం చెప్పే జవాబు సలాల్ కేసే.

1979 చట్టంలో 19వ సెక్షన్ ఒకటి ఉండేది. దాన్ని ప్రతి తండాలో, ప్రతి గూడెంలో చాటింపు వేయించాల్సింది. పని గడువు ముగిసేసరికి కూలీ తీసుకున్న అప్పు, అడ్వాన్సు తీరిపోయినట్టే లెక్క. మిగిలిన బాకీ రద్దయినట్టే. దాని కోసం దావా వేయడానికి వీల్లేదు. ‘బాకీ తీరలేదు, వచ్చే ఏడు కూడా రావాలె’ అని మేస్త్రీ అనడం చట్టవిరుద్ధం. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం కింద అది నేరం కూడా అవుతుంది. ఈ ఒక్క మాట తెలియక ఎన్ని కుటుంబాలు తరం తర్వాత తరం ఆ బస్సెక్కాయో మీరే లెక్క చెప్పగలరు.

అడ్వాన్సు ఎంత దూరం పోతుందో ఒక ఉదాహరణ చెబుతాం. 2013 డిసెంబర్‌లో ఒడిశా కలహండి జిల్లా నుంచి బయలుదేరిన కూలీల గుంపు దారిలో తప్పించుకుంటే, దొరికిన ఇద్దరి అరచేతులు నరికారు. ఒడిశా పడమటి జిల్లాల నుంచి వచ్చేవాళ్లతోనే మన ఇటుక బట్టీలు నడుస్తున్నాయి. పుణెలో మన వాడు ఎట్లాంటి గుడిసెలో ఉంటాడో, మన బట్టీ దగ్గర ఒడిశా వాడు అట్లాంటి గుడిసెలోనే ఉంటాడు. అక్కడ మనం కూలీలం, ఇక్కడ మనం యజమానులం. ఈ రెండో ముచ్చట మనకు చేదుగా ఉంటుంది. అయినా చెప్పుకోక తప్పదు.

ఆ 1979 చట్టం ఇప్పుడు లేదు. 2020లో చేసిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో దాన్ని కలిపేసి 2025 నవంబర్ 21న అమల్లోకి తెచ్చారు. కొత్త కోడ్‌లో ఒక మంచి ఉంది. కాంట్రాక్టరు ద్వారా కాకుండా తనంతట తాను పోయినవాణ్ని కూడా వలస కార్మికునిగా గుర్తించింది. ఉచిత ఫోన్ సహాయ కేంద్రం పెట్టాలన్నది. కానీ అయిదుగురన్న లెక్కను పదిమందికి పెంచింది. అంటే ఎనిమిది మంది గుంపుకు ఆ రక్షణ లేదు. ఊరు విడిచినందుకు ఇచ్చే భత్యాన్ని తీసేసింది. అమలు చేయని చట్టాన్ని బాగుచేయాల్సింది పోయి సన్నం చేశారు.

ఇంకో సరిహద్దు కథ

2020 మార్చి 24 రాత్రి లాక్‌డౌన్ ప్రకటించారు. వలస కూలీ అనేవాడు దేశంలో ఉన్నాడని ఆ నెలలోనే చాలామందికి తెలిసింది. ఆ ఏప్రిల్‌లో బీజాపూర్ జిల్లాకు చెందిన పన్నెండేండ్ల ఆడపిల్ల ములుగు జిల్లా మిరప చేన్లలో పని ఆగిపోయి, తోటివాళ్లతో కలిసి అడవి బాటన మూడు రోజులు నడిచి, ఊరు ఇంకా కొంచెం దూరం ఉందనగా దారిలోనే ప్రాణం విడిచింది. ఆ పిల్ల పని చేసింది మన తెలంగాణ చేన్లో. చనిపోయింది ఛత్తీస్‌గఢ్ నేల మీద.

ఆ అడవి బాట కొత్తగా పడింది కాదు. 2005 జూన్‌లో అప్పటి దంతెవాడ జిల్లాలో సల్వా జుడుం మొదలైంది. అన్నల వైపు ఉన్నారని ఊళ్లు తగులబెట్టారు, జనాన్ని రోడ్డు పక్క శిబిరాల్లోకి తోలారు. ఇటు పోలీసు, అటు అన్నలు, నడుమ ఆదివాసీ నలిగిపోయాడు. వందల ఊళ్లు ఖాళీ అయ్యాయి. శిబిరాలకు పోనివాళ్లు అడవి దాటి గోదావరి వైపు వచ్చారు. చింతూరు, చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం, ఏటూరునాగారం, తాడ్వాయి అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. వాళ్లు మురియాలు. ఇక్కడివాళ్లు వాళ్లను గుత్తికోయలంటారు.

మళ్లీ ఆ గీత సంగతే చూడండి. 2014లో పోలవరం ముంపు పేరుతో ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. చింతూరు అడవిలో గుడిసె వేసుకున్న గుత్తికోయ అడుగు కదపలేదు. అయినా రాష్ట్రం మారిపోయాడు. గద్వాల, అలంపూర్ పెద్దమనుషులకు 1956లో జరిగిందే ఇదీ.

అటు ప్రత్యేక చట్టం, ఇటు చట్టమే లేదు

ఆ మనిషిని ఏ చట్టం కాపాడాలి? ఒక్కొక్కటి చూద్దాం.

వదిలివచ్చిన వైపు ఉన్నది ఛత్తీస్‌గఢ్ విశేష జన సురక్షా చట్టం, 2005. ప్రభుత్వం ఒక సంస్థను నిషేధిస్తే, దానికి ఏ రకంగా సాయపడ్డా జైలే. డాక్టర్ బినాయక్ సేన్‌ను 2007లో పట్టుకుపోయింది ఆ చట్టం కిందనే. పేరున్న డాక్టరుకే అట్లా అయితే, పేరులేని ఆదివాసీ తిరిగి ఊరికి పోయి ‘నేను ఎవరి మనిషినీ కాను’ అంటే నమ్మేది ఎవరు? ఆదివాసీ యువకులకే తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులుగా వాడడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదే ఏడు ఆ ప్రభుత్వం సహాయక సాయుధ దళాల చట్టం తెచ్చి వాళ్లకే కొత్త యూనిఫాం తొడిగింది. మనకూ ఇది తెలియని కథ కాదు. 1978లో జగిత్యాలను, సిరిసిల్లను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించింది ఈ తెలంగాణలోనే. ప్రత్యేక చట్టం వచ్చిన చోట మొదట ఊరు ఖాళీ అవుతుంది.

వచ్చిన వైపు శరణార్థి అన్న మాటకే చట్టం లేదు. 1951 నాటి ఐక్యరాజ్యసమితి శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం చేయలేదు. చేసినా అది దేశం దాటినవాళ్లకే. దేశం లోపలనే ప్రాణభయంతో రాష్ట్రం దాటినవాళ్లకు వర్తించే ప్రత్యేక చట్టం ఒక్కటీ లేదు. దేశమంతటా తిరిగే, నివసించే హక్కు 19వ అధికరణంలో ఉంది. కానీ ఆదివాసీల ప్రయోజనం కోసం ఆ హక్కుకు హద్దులు పెట్టవచ్చని అదే అధికరణంలో రాశారు. ఆదివాసీ భూమిని కాపాడటానికి పెట్టిన ఆ మాటను ఇప్పుడు ఇంకో ఆదివాసీని తరమడానికి ఎత్తిచూపుతున్నారు.

ఎస్టీ హోదా సంగతి ఇంకా విచిత్రం. 342వ అధికరణం కింద ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం జాబితా. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీగా పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయిలో చదువుకున్న ఒక తెలుగు విద్యార్థి అక్కడి మెడికల్ కాలేజీలో ఎస్టీ సీటు అడిగితే కుదరదన్నారు. మర్రి చంద్రశేఖరరావు కేసుగా పేరుపడ్డ ఆ వివాదంలో, సొంత రాష్ట్రంలో ఉన్న హోదా వలస పోయిన రాష్ట్రానికి వెంట రాదని 1990లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆనాడు మన పిల్లవాని మీద పడ్డ ఆ తీర్పే ఈనాడు మన అడవిలో బస్తర్ పిల్లల మీద పడుతోంది. వాళ్లు అక్కడ ఆదివాసీలు. ఇక్కడ ఆ సర్టిఫికెట్ అడిగితే దొరకడం లేదు.

అటవీ హక్కుల చట్టానికి గడువు తేదీ 2005 డిసెంబర్ 13. ఆ రోజుకు ముందు నుంచి సాగులో ఉన్నవాళ్లకే పట్టా. జూన్‌లో జుడుం మొదలైతే ఆర్నెల్లు తిరగకుండానే గడువు పడింది. ఆ తర్వాత పరుగెత్తివచ్చినవాడు ఆక్రమణదారు. 2017 సెప్టెంబర్‌లో తాడ్వాయి మండలం జలగలంచలో అటవీ సిబ్బంది గుత్తికోయల గుడిసెలు పీకేశారు. 2022 నవంబర్‌లో చండ్రుగొండ మండలం ఎర్రబోడు దగ్గర పోడు గొడవలో ఒక ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్‌ను నరికి చంపారు. అది ఘోరం. అందులో రెండో మాట లేదు. చంపినవాళ్లకు కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. కానీ ఆ హత్య జరిగిన కొన్ని రోజులకే, గుత్తికోయలందరినీ ఛత్తీస్‌గఢ్‌కు పంపేయాలని బెండాలపాడు గ్రామసభతో తీర్మానం చేయించారు. ఇద్దరి నేరానికి ఒక జాతిని వెళ్లగొట్టాలనే చట్టం ఏ పుస్తకంలో ఉంది? బొంబాయిలో ఒక పాలమూరు కూలీ తప్పు చేస్తే పాలమూరు గుడిసెలన్నీ పీకేస్తామంటే మనం ఊరుకుంటామా?

స్థానికుల హక్కుకు ఇది విరుద్ధమా?

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. ఉద్యమంలో పనిచేసిన మిత్రులే అడుగుతున్నారు. ‘ముల్కీల కోసం, 610 జీవో కోసం, స్థానికత కోసం కొట్లాడినోళ్లు మీరే కదా. ఇప్పుడు బయటినుంచి వచ్చినోళ్ల హక్కులంటారేంది?’ అని.

న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పాలి. 1956 పెద్దమనుషుల ఒప్పందాన్ని తుంగలో తొక్కి, 1969లో రోడ్ల మీద పిల్లల నెత్తురు పారించి, 1985లో ఇచ్చిన 610 జీవోను బీరువాలో పెట్టి తాళం వేసినవాళ్ల మీద మన కొట్లాట. వాళ్లు అధికారం చేతిలో పట్టుకుని వచ్చారు. కొలువు, భూమి, నీళ్లు వాళ్ల చేతుల్లోకి పోయాయి. గంప నెత్తిన పెట్టుకుని, పిల్లను చంకన ఎత్తుకుని, రాత్రిపూట అడవి దాటివచ్చినవాళ్ల మీద మనం ఏనాడూ కొట్లాడలేదు. ఏలడానికి వచ్చినవాడు వేరు, బతకడానికి వచ్చినవాడు వేరు. ఈ తేడా మరిచిపోతే మన ఉద్యమానికి, బొంబాయిలో మన కూలీలను బయటివాళ్లని తిట్టినవాళ్లకు తేడా ఉండదు.

అట్లాగని స్థానిక కోయల భయాన్ని తీసిపారేయలేం. వాళ్ల భూమే గిరిజనేతరుల చేతుల్లో చిక్కుకుని ఉంది. 1/70 చట్టం ఉన్నా భూములు పోయాయి. అడవి తరుగుతోంది. ఉన్న కొద్ది సీట్లలో ఇంకొకరు వాటాకు వస్తారేమోనన్న గుబులు ఉంది. అయిదో షెడ్యూలు, 1/70, పెసా చట్టం, ఈ మూడింటిలో ఒక్క అక్షరం తగ్గకూడదని మేం అంటున్నాం. స్థానిక కోయ వాటాలో నుంచి కోసి గుత్తికోయకు పెట్టమని ఎవరూ అనడం లేదు. ఇద్దరు ఆదివాసీలను ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పి, ప్రభుత్వం చేతులు దులుపుకోవడాన్నే తప్పుపడుతున్నాం.

మనసుంటే మార్గముంది

దారి లేదనడం అబద్ధం. మూడు ఉదాహరణలు చెబుతాం.

మొదటిది చక్మాల కథ. తూర్పు పాకిస్తాన్‌లో కప్తాయి డ్యాం కట్టినప్పుడు చిట్టగాంగ్ కొండల్లో చక్మాల ఊళ్లు మునిగాయి. 1964లో వేల మంది సరిహద్దు దాటి వచ్చారు. వాళ్లకు అరుణాచల్‌లో చోటిచ్చారు. 1873 నాటి చట్టం కింద బయటివాళ్లు అనుమతి లేకుండా అడుగుపెట్టరాని ప్రాంతమది. స్థానికులు పొమ్మన్నారు. జాతీయ మానవ హక్కుల కమిషన్ కోర్టుకు పోయింది. 1996లో సుప్రీంకోర్టు ఏమన్నది? 21వ అధికరణం పౌరునికే కాదు, ప్రతి మనిషికీ ప్రాణరక్షణ ఇస్తుంది, వాళ్లను కాపాడటం రాష్ట్రం బాధ్యత అన్నది. పౌరులు కానివాళ్లకే ఆ రక్షణ ఉంటే, ఈ దేశ పౌరుడైన బస్తర్ ఆదివాసీకి ఎందుకు ఉండదు?

రెండోది బ్రూల కథ. 1997లో మిజోరంలో గొడవలైతే బ్రూ ఆదివాసీలు రాష్ట్రం దాటి త్రిపురకు పోయారు. అచ్చం గుత్తికోయల మాదిరిగానే, దేశం లోపలి సరిహద్దే దాటారు. ఇరవై ఏండ్లకు పైగా శిబిరాల్లో ఉన్నాక 2020 జనవరిలో కేంద్రం, రెండు రాష్ట్రాలు, బ్రూ ప్రతినిధులు కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. దాదాపు 34,000 మందికి త్రిపురలోనే ఇంటి స్థలం, ఇల్లు కట్టుకోవడానికి డబ్బు, కుటుంబానికి 4 లక్షల డిపాజిట్, రెండేండ్ల పాటు నెలకు 5,000 రూపాయలు, రేషన్, ఓటు ఇవ్వాలని ఒప్పుకున్నారు. 600 కోట్లు కేటాయించారు. త్రిపురలో కుదిరింది తెలంగాణలో ఎందుకు కుదరదు?

మూడోది అటవీ హక్కుల చట్టం లోపలనే ఉంది. 2005 డిసెంబర్ 13కు ముందు అడవి నుంచి అక్రమంగా వెళ్లగొట్టబడ్డవాళ్లకు పునరావాసం, ప్రత్యామ్నాయ భూమి ఇవ్వాలని 3వ సెక్షన్‌లో ఒక క్లాజు ఉంది. జుడుం తొలి ఆర్నెల్లలో ఊళ్లు పోయినవాళ్లకు అది సరిగ్గా అతుకుతుంది. అడిగించేవాళ్లు, రాసేవాళ్లు కావాలి.

కాగితం మీద హక్కు ఉంటే చాలదని మాత్రం పాలమూరుకు ఎవరూ చెప్పనక్కరలేదు. శ్రీశైలం నీళ్లు ఎక్కకముందే 1981లో ఇండ్లు కూలగొట్టి ఊళ్లు ఖాళీ చేయించారు. కృష్ణకు ఇరువైపులా వందకు పైగా ఊళ్లు మునిగాయి. కొల్లాపూర్, అలంపూర్ రైతులు ఒక్క వానాకాలంలో కూలీలయ్యారు. 1986లో 98 నంబరు జీవో ఇచ్చి, మునిగిన ఇంటికొక ఉద్యోగమన్నారు. ఆ ఉద్యోగం కోసం తండ్రులు తిరిగి తిరిగి ముసలివాళ్లయ్యారు, వాళ్ల పిల్లలు దీక్షలు చేశారు. సరిహద్దు దాటకుండా సొంత జిల్లాలోనే నిర్వాసితుడైనవాని గతి ఇది. ఇక దాటినవాని గతి ఏమిటో మనకంటే బాగా తెలిసినవాళ్లెవరు? అందుకే గుత్తికోయ గురించి మాట్లాడే మొదటి హక్కు, మొదటి బాధ్యత పాలమూరుదే అంటున్నాం.

మనం అడగాల్సినవి

ఒకటి. ప్రతి గ్రామ పంచాయతీలో వలస రిజిస్టరు పెట్టాలి. ఎవరు, ఏ మేస్త్రీతో, ఏ ఊరికి, ఎంత అడ్వాన్సు మీద పోతున్నారో రాసి ఉంచాలి. దీనికి ప్రభుత్వం కోసం చూడనక్కరలేదు. చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెండ్లు ఒక నోటుబుక్కు కొని రేపే మొదలుపెట్టవచ్చు. మేస్త్రీ పేరు, ఫోన్ నంబరు, పని చోటు రాసిపెట్టిన కాగితమే రేపు ప్రమాదం జరిగితే సాక్ష్యం.

రెండు. తెలంగాణ ప్రభుత్వం మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్‌లతో కూలీల మీద ఒప్పందం చేసుకోవాలి. మన కార్మిక అధికారి అక్కడికి పోయి తనిఖీ చేసే ఏర్పాటుకు పాత చట్టం చోటిచ్చింది. దాన్ని పాత కాగితాల్లో కలిపారు. ఇప్పుడు ఒప్పందం ద్వారానైనా సాధించుకోవాలి.

మూడు. మన బట్టీల్లో, మిరప చేన్లలో, భవనాల పనుల్లో ఉన్న ఒడిశా, ఛత్తీస్‌గఢ్ కూలీలకు ఆ హక్కులన్నీ ఇక్కడ అమలు కావాలి. రేషన్ కార్డు ఏ రాష్ట్రానిదైనా బియ్యం ఇవ్వాలని 2021లో సుప్రీంకోర్టు వలస కూలీల కేసులో ఆదేశించింది. ‘మీ కార్డు ఇక్కడ నడవదు’ అనే మాట మన రేషన్ దుకాణంలో వినబడకూడదు.

నాలుగు. గుత్తికోయల గూడేలను పీకడం ఆపాలి. బ్రూల మాదిరిగా కేంద్రం, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, గుత్తికోయ ప్రతినిధులు, స్థానిక కోయ పెద్దలు ఒకచోట కూర్చోవాలి. తిరిగి పోతామన్నవాళ్లకు భూమితో, భద్రతతో దారి చూపాలి. ఉంటామన్నవాళ్లకు స్థానిక ఆదివాసీల వాటా ముట్టకుండా చోటు చూపాలి. తిరిగి పోవడం వాళ్ల ఇష్టం మీద జరగాలి, లాఠీ మీద కాదు. అప్పటిదాకా బడి, మంచినీళ్లు, దవాఖానా ఆపకూడదు. పసిపిల్లకు టీకా వేయడానికి ఏ రాష్ట్రం పిల్ల అని అడిగే నర్సమ్మ మన దగ్గర ఉండకూడదు.

అయిదు. అడ్వాన్సు బాకీ కింద తిరిగి పనికి లాక్కుపోతే అది వెట్టి అని ప్రతి ఊరి గోడ మీద రాయాలి.

మిత్రులారా, మనం రాష్ట్రం అడిగింది మ్యాపులో ఒక గీత కోసం కాదు. ఆ గీత లోపల మనిషికి విలువ ఉండాలని అడిగాం. ‘మా భూమి మీద మేం పరాయివాళ్లమైనం’ అన్న మాట మీద ఉద్యమం నడిచింది. ఆ మాట అన్న జనమే ఇంకొకరిని పరాయివాళ్లను చేస్తే, అనాడు మనం అడిగింది న్యాయం కాదు, వంతు మాత్రమే అని రేపటి చరిత్ర రాస్తుంది. పుణెలో పాన్‌గల్ కూలీకి ఏం దక్కాలని కోరుతున్నామో, అదే తాడ్వాయి అడవిలో బస్తర్ ఆదివాసీకీ దక్కాలి. ఈ మాట మీద నిలబడదాం, ఈ మాట అడుగుదాం, ఈ మాటనే సాధించుకుందాం.

జై తెలంగాణ!